కర్త ఎవరు?

మొదటి రోజే చెప్పిపెట్టిన దానికి,
మలక్‌పేటల రెండో అంతస్తు, కరెంటు వచ్చి పోతున్న రాత్రి:
నా పేరు వనమాల.
ఇరవై రెండేండ్లు నారాయణగూడ ప్రెస్సుల డీటీపీ చేసిన.
పెండ్లి పత్రికలు, ఎలక్షన్ పాంప్లెట్లు, ఎవరెవరివో పీహెచ్‌డీలు.
ఇప్పుడు నావి నేను రాసుకుంటున్న.
నువ్వు దిద్దాలె.

నియమాలు రాయమని ఖాళీ డబ్బా ఒకటి చూపించింది.
రాసిన.

'వస్తున్న' అంటే 'వస్తున్నాను' చెయ్యకు.
నా క్రియకు తోక లేదు, తగిలియ్యకు.
'పరేషాన్' పక్కన అర్థం పెట్టకు,
చదివేటోళ్ళకు తెలుసు, వాళ్ళూ అండ్లనే ఉన్నరు.
మెచ్చుకోకు.
'అద్భుతం' అనే మాట నీ నోట వినొద్దు నేను.

ఆఖరిది విఠోబా సార్‌ది.
ప్రెస్సుల ప్రూఫులు చూసేటోడు,
చెవి మీద ఎర్ర రీఫిల్లు,
చాయ్ సాసర్ల పోసి ఊదుకుంట అనేటోడు:
"'బడు' వాడినోడు ఏదో దాస్తున్నడమ్మా.
'చెయ్యబడింది' అన్నడంటే
చేసినోడు గోడ చాటుకు జరిగిండన్నట్టు.
పట్టుకో."
ఉన్నదున్నట్టు టైపు చేసిన.
పేరు కూడా విఠోబా అనే పెట్టిన.
సార్ ఉంటే నవ్వేటోడు,
పేరు వాడుకున్నందుకు ఓ చాయ్ బాకీ రాసేటోడు.

మంచిగనే చేసింది.
'కానీ'లు ఏరేసింది, బియ్యంల మెరిగెల లెక్క.
ఒక్క పేజీల 'మనసు' పదకొండుసార్లు వచ్చిందన్నది.
సిగ్గైంది.
గోలీసోడాను 'శీతల పానీయం' చేసిన రోజు మాత్రం
నియమం తిరిగి చదివిపించిన.
"క్షమించండి" అన్నది.
"మాఫ్ చెయ్ అను" అన్న.
అప్పటి సంది గట్లనే అంటున్నది.

మొన్న వాన రాత్రి
ఫర్జానా గురించి కూసున్న.
ప్రెస్సుల నా పక్క సిస్టం ఆమెది.
తెలుగు చదవరాదు, అయినా
అక్షరాల ఆకారం చూసి తప్పు పట్టేది.
తలకట్టు లేని చోట వేలు పెట్టి
"ఇస్కీ టోపీ కిధర్?" అనేది.
ఆ వేలు రాసిన, దాని మీది గోరింటాకు రాసిన,
పంచుకున్న టిఫిన్ డబ్బా రాసిన.
ఆ ఏడు మూసీ చాదర్‌ఘాట్ ఇండ్లల్లకు వచ్చింది గద,
అదీ రాసిన.
రాత్రి రెండింటికి మూడుసార్లు ఫోన్ చేయబడింది.
ఎత్తబడలేదు.

విఠోబా పసుపు గీత గీసింది:
"మీ ఆఖరి నియమం ప్రకారం,
ఈ వాక్యంల కర్త ఎవరు?"

కింద మిర్చీ బండాయన
టార్పాలిన్‌ల నిండిన నీళ్ళను కట్టెతోని పైకి పొడుస్తున్నడు.
దబ్బున పడ్డయి.

'ఎత్తలేదు' అని మార్చిన. సాలనుకున్న.
మల్ల గీత.
నిజమే,
'లేదు'ల నేనూ లేను, నువ్వూ లేవు, ఆమే లేదు.
ఎవరికైనా సరిపోతది ఆ మాట,
రెడీమేడ్ గౌను లెక్క.
ఇన్నేండ్లు దాన్నే తొడుక్కున్న.

నియమాల డబ్బా తెరిచిన.
ఆఖరిదాని మీద వేలు పెట్టిన.
తీసెయ్యాల్నా అని అడిగింది.
అవును. కాదు.
రెండూ ఒకే సైజు అక్షరాలు.

మెలకువనే ఉన్న నేను.
పేరు చూసిన.
వాళ్ళు ఏడుగురు, నాయి రెండు గదులు,
లెక్క వేసిన.
నేను ఎత్తలేదు.

ఈసారి గీత రాలే.
"మార్పులేం లేవు" అన్నది.
శభాష్ అనలే, నేనే వద్దన్న గద.

బతికే ఉన్నది ఫర్జానా. జహనుమాల, తమ్ముని ఇంట్ల.
ఈ పేజీ ఆమె చేతుల పెడితే
టోపీలన్నీ సరిగ్గున్నయా అని చూస్తది, గంతే.
నోటితోనే చెప్పాలె, ఆమె మాటల:
మై నై ఉఠాయీ.
అండ్ల కర్త ముందుగాలనే నిలబడతది.
అద్దం ముందట రెండుసార్లు అన్న.
రెండుసార్లూ 'మై' దగ్గరనే గొంతు పట్టింది.